ఇంట్లో 'ఇల్లు'... బడిలో 'ఘొరొ'
రెండు మాటల మధ్య నలిగేది పసిమనసే • పిల్లల ఎదుగుదలకు ఇల్లు, వీధి, బడి మూడూ కావాలి

పర్లాకిమిడి, బరంపురం, పూరీ: ఒకటో తరగతి గది. గోడ మీద బొమ్మల పటం. మాస్టారు బెత్తంతో ఇంటి బొమ్మ చూపించి, అదేమిటని అడుగుతారు. ముందు వరుసలో కూర్చున్న గుంటడు ఠక్కున 'ఇల్లు' అంటాడు. మాస్టారు తల అడ్డంగా ఊపుతారు. పక్క పిల్లాడు 'ఘొరొ' అంటాడు. మాస్టారు మెచ్చుకుంటారు. మళ్లీ చేప బొమ్మ. మనవాడికి అది బాగా తెలుసు. వాళ్ల నాన్న పట్టేది అదే, అమ్మ అమ్మేది అదే. కానీ ఈసారి నోరు తెరవడు. 'చేప' అంటే తప్పేమో! 'మాఛొ' అనాలని ఇంకా తెలియదు.

ఒడిశాలో ఏ తెలుగువాడకు వెళ్లినా ఇలాంటి గుంటలు కనిపిస్తారు. ఇంట్లో వసపిట్టల్లా మాట్లాడేవాళ్లు బడిలో మూగనోము పడతారు. నెల తిరిగేసరికి 'మీవాడు మందకొడి, మాట్లాడడు' అని ఇంటికి కబురొస్తుంది. తల్లి కంగారు పడుతుంది. పిల్లాడిలో లోపం ఏమీ లేదు. ఐదేళ్లు ఒక లోకంలో పెరిగి, ఒక్క రోజులో మరో లోకంలో వచ్చి పడ్డాడంతే. అతడెలా ఎదుగుతాడన్నది ఆ రెండు లోకాల మధ్య వంతెన వేసేవాళ్లు ఉన్నారా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

కడుపులోనే మొదలు

బిడ్డ చదువు బడిలో మొదలవుతుందనుకుంటాం. అది పుట్టకముందే మొదలవుతుంది. కడుపులో ఉండగానే చివరి నెలల్లో బిడ్డకు తల్లి గొంతు వినిపిస్తుంది. పుట్టి రెండు మూడు రోజులైనా కాని పసికందులు వేరే ఆడవాళ్ల గొంతు కన్నా తల్లి గొంతు వినడానికే ఇష్టపడతారని 1980లో అమెరికాలో జరిగిన పరిశీలనలో తేలింది.

ఇంకో సంగతి ఉంది. మనకు 'త', 'ట' వేరువేరు అక్షరాలు. ఇంగ్లిషు వాళ్ల చెవికి ఆ తేడా అందదు. అయితే ఇంగ్లిషు ఇళ్లలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు మాత్రం హిందీలోని ఈ తేడాను ఇట్టే పట్టేస్తారు. అదే పిల్లలు ఏడాది నిండే వేళకు దాన్ని పోగొట్టుకుంటారు. కెనడాలో 1984లో ఈ విషయాన్ని నిరూపించారు. అంటే పసివాళ్ల చెవి మొదట అన్ని భాషలకూ తెరిచే ఉంటుంది. చుట్టూ వినిపించే భాషను బట్టి అది క్రమంగా కుదురుకుంటుంది. ఉయ్యాల పాట, స్నానం చేయించేటప్పుడు కబుర్లు, వీధరుగు మీద అమ్మలక్కల ముచ్చట్లు... ఇవే బిడ్డ మెదడుకు తొలి పాఠాలు.

పసిబిడ్డ 'ఊ' అంటే అమ్మ 'ఊ' కొడుతుంది. బిడ్డ నవ్వితే తనూ నవ్వుతుంది. ఈ తిరుగు మాట, తిరుగు నవ్వే మెదడుకు మేత. అదే బిడ్డ ఏడవగానే చేతిలో ఫోను పెడితే, ఫోను మాట్లాడుతుంది గానీ 'ఊ' కొట్టదు. రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన నానమ్మలు ఏ పుస్తకమూ చదవకుండానే చందమామను చూపించి బువ్వ తినిపించారు. బిడ్డ కడుపూ నిండింది, నాలుగు మాటలూ వచ్చాయి.

పర్లాకిమిడి చెప్పిన పాఠం

ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య పసివాడు నలిగిపోతున్నాడని ఎవరో ఎక్కడో కనిపెట్టి మనకు చెప్పనక్కర్లేదు. ఆ మాట ఈ సరిహద్దు గడ్డ మీదే పుట్టింది. గిడుగు వెంకట రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష తనకు రావాలని ఆయన అనుకున్నారు. సవర వచ్చిన మనిషిని సొంత ఖర్చుతో ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, వాళ్ల పిల్లలకు బడి పెట్టి నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

పిల్లాడు మాస్టారి భాషలోకి రావాలని అందరూ అనుకునే రోజుల్లో, మాస్టారే పిల్లాడి భాషలోకి వెళ్లారాయన. తెలుగులో వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం కూడా ఇలాంటిదే. జనం నోట్లో లేని భాషను పుస్తకంలో పెడితే పిల్లలకు చదువు భారమవుతుందన్నదే ఆయన వాదన. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. ఆ బాధతో ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940లో కన్నుమూశారు. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఆయన దారి వృథా పోలేదు. గిరిజన పిల్లలకు మొదటి తరగతుల్లో వాళ్ల మాటలోనే చదువు చెప్పి, మెల్లగా రాష్ట్ర భాషలోకి తీసుకెళ్లే పథకాన్ని ఒడిశా 2007లో పది భాషల్లో మొదలుపెట్టింది. అందులో సవర ఒకటి. అంతకు కొద్దికాలం ముందు ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అలాంటి పథకంలోనూ సవర ఉంది.

నీళ్లలో రాయి వేస్తే...

చెరువులో రాయి వేస్తే ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు లేస్తాయి. బిడ్డ చుట్టూ ఉండే సమాజమూ అలాంటిదేనని యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ అనే శాస్త్రవేత్త 1979లో వివరించారు. అమెరికాలో పేద పిల్లల కోసం 1965లో మొదలైన 'హెడ్ స్టార్ట్' రూపకర్తల్లో ఆయన ఒకరు. తొలి వలయంలో అమ్మానాన్న, తోబుట్టువులు, బడి, ఆటల జట్టు ఉంటాయి. రెండోది వీటి మధ్య రాకపోకలు... అమ్మ బడికెళ్లి మాస్టారితో మాట్లాడుతుందా, మాస్టారికి ఆ ఇంటి సంగతి తెలుసా అన్నవి. మూడోది బిడ్డ ఎన్నడూ చూడనిది, అయినా బిడ్డను తాకేది... నాన్న పని చేసే చోటు లాంటిది. వీటన్నిటి చుట్టూ చట్టాలు, ఆచారాలు, కాలం.

మూడో వలయం సంగతి గంజాం జిల్లాలో పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. ఇక్కడి ఊళ్ల నుంచి మగాళ్లు సూరత్ మరమగ్గాలకు వలస పోవడం తరాలుగా ఉన్నదే. పిల్లాడు సూరత్ చూసి ఉండడు. కానీ అక్కడ పని బాగుంటే ఇక్కడ ఇంట్లో పాలు, పుస్తకాలు. పని లేకపోతే అప్పులు, అమ్మ ముఖంలో దిగులు. 2020లో లాక్‌డౌన్ వచ్చి వేల మంది మూటాముల్లె సర్దుకుని తిరిగొచ్చినప్పుడు, నాన్న ఇంటికొచ్చాడన్న సంతోషమూ, ఇంట్లో డబ్బు లేదన్న బెంగా పిల్లలకు ఒకేసారి తెలిసొచ్చాయి.

దూరాన ఉన్న తండ్రి చేయగలిగింది ఏమీ లేదనుకోకూడదు. రోజూ ఒక వేళకు ఫోను చేసి 'ఏం తిన్నావు, ఎవరితో ఆడుకున్నావు, బడిలో ఏం చెప్పారు' అని పావుగంట మాట్లాడితే అదే పెద్ద అండ. 'డబ్బు అందిందా' అన్న ఒక్క మాటతో ఫోను పెట్టేస్తే బిడ్డకు నాన్న అంటే డబ్బుగానే మిగులుతాడు.

కడలి ఒడ్డున చిన్న అమ్మలు

పూరీ పెంటకోట తెలుగు మత్స్యకారుల వాడ. పూరీ తీరంలో యాత్రికులను అలల్లో పట్టుకుని స్నానం చేయించే నోలియాలూ మనవాళ్లే. ఇలాంటి వాడల్లో తెల్లవారకముందే తండ్రి వేటకు పోతాడు. పడవ తిరిగొచ్చే వేళకు తల్లి గంప పట్టుకుని ఒడ్డుకో బజారుకో వెళ్లాలి. మరి ఇంట్లో చంటివాడు? ఎనిమిదేళ్ల అక్క చంకలో ఉంటాడు.

ఈ చిన్న అమ్మల గురించి ఎవరూ పట్టించుకోరు. తమ్ముడికి గంజి తాగిస్తుంది, ఏడిస్తే ఊరుకోబెడుతుంది. బాధ్యత నేర్చుకుంటుంది, నిజమే. కానీ ఆ వేళలో తను బడిలో ఉండాలి. తమ్ముడు నడక నేర్చే ఏడాది అక్క చదువు కుంటుపడుతుంది. ఇద్దరినీ ఆదుకునేది అంగన్‌వాడీయే. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద వచ్చిన ఈ కేంద్రంలో ఆరేళ్ల లోపు పిల్లలకు పోషకాహారం, మూడు దాటిన వాళ్లకు ఆటపాటల చదువు అందాలి. అక్కడి దీదీకి నాలుగు తెలుగు మాటలొస్తే చంటివాడి ఏడుపు సగం తగ్గుతుంది. అక్క బడికి పోగలుగుతుంది.

మరో భారమూ ఉంది. తల్లికి ఒడియా అంతంతే. ఆస్పత్రికెళ్లినా, బ్యాంకుకెళ్లినా, రేషను కార్డు పనికెళ్లినా పదేళ్ల పిల్లే దుబాసీ. డాక్టరు అడిగింది తెలుగులో తల్లికి చెబుతుంది, తల్లి చెప్పింది ఒడియాలో డాక్టరుకు చెబుతుంది. ఆ పిల్ల తెలివికి మెచ్చుకోవాల్సిందే. కానీ 'మీ అమ్మ జబ్బు ముదిరింది' అన్న మాటను అమ్మకు చెప్పాల్సింది పదేళ్ల పిల్లా? చిన్న చిన్న పనులకు దుబాసీతనం మంచిదే, పిల్లలకు ధైర్యం వస్తుంది. ఆరోగ్యం, అప్పు, కోర్టు సంగతులకు మాత్రం పెద్దవాళ్లెవరినైనా తోడు తీసుకెళ్లాలి.

మగ్గం పక్కన లెక్కలు

బరంపురం పట్టుకు పేరు తెచ్చిన డేరా నేతగాళ్లు తెలుగు మూలాల వాళ్లు. మగ్గం ఉన్న ఇంట్లో బిడ్డ పోగుల మధ్యే పాకుతాడు. ఎర్రపోగు తర్వాత ఎన్ని పసుపు పోగులు, అంచు మీద గోపురం ఎక్కడ తిరగాలి... ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, చూసి నేర్చుకుంటాడు. పెద్దల పని పక్కన ఉండి చూస్తూ, చిన్న చిన్న సాయాలు చేస్తూ నేర్చుకోవడాన్ని బార్బరా రోగాఫ్ అనే పరిశోధకురాలు 1990లో పుస్తకంగా రాశారు. బడిలో ఎక్కం రాక తన్నులు తినే పిల్లాడు ఇంట్లో పోగుల లెక్క తప్పకుండా చెప్పడం వింతేమీ కాదు. ఆ లెక్కను బడి లెక్కతో కలిపేవాళ్లు లేరు, అంతే తేడా.

అయితే చూసి నేర్చుకోవడం వేరు, బడి మాన్పించి కూర్చోబెట్టడం వేరు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు గీత స్పష్టంగానే గీశారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించకూడదు. సొంత ఇంటి వృత్తిలో సాయానికి మినహాయింపు ఉంది. అది కూడా బడి వేళలయ్యాకో సెలవుల్లోనో, ప్రమాదం లేని పనుల్లోనే.

వీధి ఇచ్చేది... వీధి లాక్కునేది

రెండేళ్లకోసారి బరంపురంలో బుఢీ ఠాకూరాణి యాత్ర జరుగుతుంది. నేతగాళ్ల పెద్ద దేశిబెహరా ఇంటికి అమ్మవారు ఆడబిడ్డలా వస్తుంది. ఊరంతా వేషాలు. పులివేషం కట్టిన పిల్లాడు తెలుగువాడా ఒడియావాడా అని ఎవరూ అడగరు. డప్పు మోగితే ఇద్దరి కాళ్లూ ఒకేలా ఆడతాయి. ఊరు తనదేనన్న ధీమా బిడ్డకు అలాంటి చోటే కలుగుతుంది.

అదే వీధి మరో రోజు 'తెలెంగా' అని ఎకసెక్కం చేస్తుంది. యాస పట్టి వెక్కిరిస్తుంది. ఒడియా చదివేటప్పుడు అక్షరానికి 'అ' బదులు 'ఒ' ధ్వని పలకాలి. మనవాడు 'ఘర' అని చదివితే గదంతా నవ్వుతుంది. ఆ నవ్వు చాలు... సాయంత్రం ఇంటికొచ్చి 'నాతో తెలుగులో మాట్లాడొద్దమ్మా, మా ఫ్రెండ్స్ వింటారు' అంటాడు. నవ్విన పిల్లల తప్పు కన్నా ఆ నవ్వును ఆపని పెద్దల తప్పే ఎక్కువ. 'వీడికి రెండు భాషలు వచ్చు, మీకు ఒక్కటే' అని మాస్టారు ఒక్క మాటంటే కథ మారిపోతుంది.

బడి మాట కోసం ఇంటి మాట మానేయాలా?

చాలా ఇళ్లలో ఇక్కడే పొరపాటు జరుగుతోంది. పిల్లాడు బడిలో వెనకబడ్డాడనగానే 'ఇకపై ఇంట్లో తెలుగు బంద్' అంటారు. తల్లికొచ్చిన అరకొర ఒడియానో, అంతకన్నా అరకొర ఇంగ్లిషో ఇంటి భాష అయిపోతుంది. 'కమ్, ఈట్, స్లీప్'... ఇంతే మాటలు. కథ లేదు, పొడుపు కథ లేదు, తగువు లేదు, బుజ్జగింపు లేదు. నిండుగా వచ్చిన భాషను వదిలి సగం వచ్చిన భాషను బిడ్డకిస్తే, బిడ్డకు అందేది సగమే.

ఇంటి భాషలో గట్టిపడ్డ ఆలోచన, కథ చెప్పే నేర్పు, లెక్క పట్టే తెలివి రెండో భాషకూ బదిలీ అవుతాయని కెనడా పరిశోధకుడు జిమ్ కమ్మిన్స్ 1979 నుంచీ చెబుతూ వచ్చారు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఒక్కో భాషలో మాటలు కాస్త తక్కువగా కనిపించవచ్చు. రెండూ కలిపి లెక్కేస్తే ఒక్క భాష పిల్లలకు తీసిపోరు. 'అమ్మా, పాణి కావాలి' అని కలగలిపితే కంగారు పడనక్కర్లేదు. రెండు డబ్బాల్లోంచీ తీసి వాడుకుంటున్నాడంతే. అయితే ఏ భాషలోనూ మాటలు రాకపోతే, పిలిస్తే పలకకపోతే మాత్రం భాషల గొడవని సరిపెట్టుకోక డాక్టరుకు చూపించాలి.

ఇంకో నష్టం మార్కుల్లో కనిపించదు. ఇంట్లో తెలుగు ఆగితే ముందుగా మూగబోయేది నానమ్మే. ఆమెకు వేరే భాష రాదు. మనవడికి ఆమె భాష రాదు. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని టీవీ చూస్తారు. ఆ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చింది, తుపానులో ఎలా బతికింది, తాత ఎవరితో పోట్లాడాడు... ఆమెతోనే పోతాయి.

ఒక్కరున్నా చాలు

పేదరికం, తాగే తండ్రి, గొడవల ఇల్లు... ఇవన్నీ ఉంటే బిడ్డ చెడిపోయినట్టేనా? కాదని హవాయి దీవుల్లో జరిగిన పరిశీలన చెబుతోంది. కవాయి అనే దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ నలభై ఏళ్ల వయసు దాకా గమనించారు. బాగా కష్టాల్లో పెరిగిన వాళ్లలో సుమారు మూడోవంతు మంది నిబ్బరంగా, నలుగురికీ పనికొచ్చే మనుషులుగా ఎదిగారు. వాళ్లలో ఎక్కువ మందికి కనిపించిన అండ ఒక్కటే... చిన్నప్పుడు మనసారా పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒకరు ఉన్నారు. అమ్మే కానక్కర్లేదు. తాతయ్య, మేనత్త, పక్కింటి పిన్ని, బడి మాస్టారు ఎవరైనా కావచ్చు.

పర్లాకిమిడిలో పంతులుగారు సవర పిల్లలకు అలాంటి మనిషే. మన వాడల్లో ఆ ఒక్కరు ఎవరన్నదే ప్రశ్న.

హక్కు ఉంది... అడగాలి

భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణం చెబుతోంది. 1956లో ఏడో సవరణతో ఇది చేరింది. వీలైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమూ, కనీసం అయిదో తరగతి దాకా అలా ఉంటే మంచిదని 2020 జాతీయ విద్యా విధానమూ అంటున్నాయి. ఒడిశాలోనే కాదు, హోసూరు, కోలారు, బళ్లారి, చంద్రపూర్‌లలో ఉన్న మన పిల్లలకూ ఇవే వర్తిస్తాయి.

ఇది ఒడియా వద్దనడం కాదు. ఈ గడ్డ మీద బతకాలంటే ఒడియా బాగా రావాలి, ఒడియా పద్యం మనసుకు తాకాలి. కన్నడ గడ్డ మీద కన్నడం, తమిళ గడ్డ మీద తమిళం అంతే. ఇంటి మెట్టు మీద నిలబడి బడి మెట్టెక్కాలి. కింది మెట్టు తీసేసి ఎక్కమంటే పడిపోయేది పిల్లలే.

ఇలా చేసి చూడండి
• రోజూ రాత్రి పడుకునే ముందు ఒక కథ... నానమ్మ చెబితే మరీ మంచిది. కథ మధ్యలో ఆపి 'తర్వాత ఏమైంటుంది' అని అడగండి.
• బడిలో నేర్చుకున్న కొత్త మాటను పిల్లలతోనే ఇంట్లో చెప్పించుకోండి. 'బొహి అంటే ఏమిట్రా' అని అడిగితే వాడే మాస్టారవుతాడు.
• నెలకోసారైనా బడికెళ్లండి. భాష రాకపోయినా నమస్కారం పెట్టి నిలబడితే, ఈ బిడ్డకు మనుషులున్నారని మాస్టారికి తెలుస్తుంది.
• పిల్లల ముందు మాస్టారిని, వారి భాషను తిట్టకండి. యాస చూసి పిల్లలను నవ్వకండి.
• పిల్లలకు రోజూ వీధిలో ఆట ఉండాలి. తగువు వస్తే వెంటనే దూరకండి, వాళ్లే తేల్చుకోవడం కూడా చదువే.
• కొట్టి నేర్పిన పాఠంలో దెబ్బ గుర్తుంటుంది, పాఠం మరిచిపోతారు.

ఆ ఒకటో తరగతి గదిలోకి మళ్లీ వెళ్దాం. మాస్టారు ఇంటి బొమ్మ చూపిస్తారు. పిల్లాడు 'ఇల్లు' అంటాడు. ఈసారి మాస్టారు తల నిలువుగా ఊపి, 'అవును, ఇల్లు... దాన్నే ఘొరొ అంటారు' అంటే చాలు. పిల్లాడికి రెండు మాటలొస్తాయి. రెండు ఇళ్లూ తనవే అవుతాయి. తర్వాత చేప బొమ్మ చూపిస్తే అందరికన్నా ముందు చెయ్యెత్తేది వాడే.